ఈ దడకి రూట్ కాజ్ ఏంటి?

రేపు ఇంటర్వ్యూ. రాత్రి 2 దాటినా నిద్ర లేదు. పొద్దున్నే కడుపులో తిప్పుతోంది, అమ్మ పెట్టిన ఇడ్లీ గొంతు దిగట్లేదు. ఇదేమైనా జబ్బా? కాదు. ఇంటర్వ్యూ అయ్యాక, సెలెక్ట్ అయినా కాకపోయినా, సాయంత్రం ఫ్రెండ్స్‌తో కూర్చుని మిర్చిబజ్జీ తినగలిగితే అది మామూలు టెన్షనే. నిజానికి అది కొంచెం ఉండాలి కూడా. 1908లో యెర్క్స్, డాడ్సన్ అనే ఇద్దరు అమెరికన్ శాస్త్రవేత్తలు చిట్టెలుకల మీద చేసిన ప్రయోగంలో ఒక సంగతి బయటపడింది. కష్టమైన పని నేర్చుకునేటప్పుడు ఒత్తిడి మరీ తక్కువైనా, మరీ ఎక్కువైనా నేర్చుకోవడం దెబ్బతింటోంది. మధ్యస్థంగా ఉంటేనే బాగా సాగుతోంది. మీ సీనియర్లు ‘కొంచెం భయం ఉండాలిరా’ అనేది ఇందుకే.

ఇంకో రకం ఉంది. ఇంటర్వ్యూ అయిపోయి నెల దాటింది, దడ మాత్రం పోలేదు. ఫోన్‌లో మెయిల్ వచ్చిన చప్పుడైతే చాలు, గుండె జారిపోతుంది. సర్టిఫికెట్ల ఫైలు సర్దాక మళ్లీ తీసి చూస్తారు, మళ్లీ సర్దుతారు, మళ్లీ తీస్తారు. తర్వాతి డ్రైవ్‌కి రిజిస్టర్ చేసుకుంటారు, ఆ రోజు మాత్రం జ్వరం అని చెప్పి రూమ్‌లోనే ఉండిపోతారు. ఇది నెలల తరబడి సాగి చదువునీ ఉద్యోగ ప్రయత్నాన్నీ తినేస్తుంటే, అప్పుడు అది టెన్షన్ కాదు. చాలాకాలం పాటు డాక్టర్లు ‘న్యూరోటిక్ డిజార్డర్లు’ అని పిలిచినవాటిలో ఒకటి కావచ్చు. ఆగని ఆందోళన, హఠాత్తుగా ముంచెత్తే ప్యానిక్, నలుగురిలో మాట్లాడాలంటే వణుకు, చేసిందే మళ్లీ మళ్లీ చేయించే ఓసీడీ ఈ గుంపులోవే.

‘నాకే ఎందుకు ఇలా?’ అనేది ఆ స్థితిలో ఉన్నవాళ్లందరూ అడిగే ప్రశ్న. కారణం తెలిస్తే సగం బరువు దిగుతుంది, నిజమే. కానీ మనం ఆ కారణాన్ని సాధారణంగా తప్పు చోట వెతుకుతాం.

పేరు మారిందంటే కారణం ఉంది

‘న్యూరోసిస్’ అన్న మాటని 1769లో విలియం కల్లెన్ అనే స్కాట్లండ్ వైద్యుడు వాడుకలోకి తెచ్చాడు. నరాలలో ఏదో తేడా వల్ల ఇవి వస్తాయని ఆయన లెక్క. వందేళ్లు దాటాక ఫ్రాయిడ్ వచ్చి నరాలు కావు, మనసు అడుగున అణగదొక్కిన ఘర్షణలే మూలం అన్నాడు. పేరు అదే, సిద్ధాంతం వేరు. 1980లో అమెరికా సైకియాట్రిస్టులు తమ వర్గీకరణ పుస్తకం మూడో ఎడిషన్ తెచ్చినప్పుడు, ఏ ఒక్క సిద్ధాంతానికీ కట్టుబడకూడదని ఈ మాటని గుంపు పేరుగా పక్కనపెట్టారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వాడే ఐసీడీ-10లో మాత్రం ‘న్యూరోటిక్’ మిగిలింది. 2022లో అమల్లోకి వచ్చిన ఐసీడీ-11లో అక్కడా పోయింది. ఇప్పుడు ఆందోళన రుగ్మతలు వేరు, ఓసీడీ వేరు, ఒత్తిడి వల్ల వచ్చేవి వేరు.

ఇదంతా మనకెందుకంటారా? రెండున్నర శతాబ్దాలు వెతికినా ‘ఇదిగో, ఒకే ఒక్క కారణం’ అని ఎవరూ చూపించలేకపోయారు. కాబట్టి మీ బాబాయి ‘అంతా ఫోన్ వల్లే’ అన్నా, పక్కింటావిడ ‘దిష్టి తగిలింది’ అన్నా, యూట్యూబ్‌లో ఎవరో ‘సెరటోనిన్ తక్కువైంది, అంతే’ అన్నా కంగారుపడకండి. దిష్టి సంగతి అలా ఉంచితే, మిగిలిన ఇద్దరూ పెద్ద బొమ్మలో ఒక ముక్క పట్టుకుని మాట్లాడుతున్నారు.

ఇంకో అపోహ కూడా ఇక్కడే తీర్చేసుకుందాం. ఈ గుంపుకీ సైకోసిస్‌కీ తేడా ఉంది. సైకోసిస్‌లో వాస్తవంతో సంబంధం తెగుతుంది. ఇక్కడ తెగదు. తన భయం అతిగా ఉందని చాలావరకు మనిషికే తెలుస్తుంటుంది, అయినా ఆపలేడు. ‘పిచ్చి పడుతోందేమో’ అని మీరు భయపడుతుంటే, ఆ భయం కూడా ఆందోళనలో చాలామందికి వచ్చేదే.

మూడు ప్రశ్నలు

సాఫ్ట్‌వేర్‌లో సర్వర్ పడిపోతే అందరూ ‘రూట్ కాజ్ ఏంటి?’ అంటారు. లాగ్స్ తీసి చూస్తే చాలాసార్లు ఒక్కటి దొరకదు. ఎప్పటినుంచో ఉన్న పాత కోడ్, ఆ రోజే పెరిగిన ట్రాఫిక్, పడిపోయాక ఆగకుండా రీట్రై చేస్తూ దాన్ని లేవనివ్వని స్క్రిప్ట్, మూడూ కలుస్తాయి. మానసిక వైద్యులు కూడా ఇంచుమించు ఇలాగే ఆలోచిస్తారు. ఈ మనిషికే ఎందుకు? ఇప్పుడే ఎందుకు? ఇంకా ఎందుకు పోలేదు?

మొదటి ప్రశ్నకి జవాబులో జన్యువులు ఉంటాయి. కవలల మీద జరిగిన అధ్యయనాలని కలిపి చూస్తే ప్యానిక్, దీర్ఘకాలిక ఆందోళన వంటివాటిలో మనుషుల మధ్య కనిపించే తేడాలో సుమారు 30 నుంచి 40 శాతం వంశపారంపర్యంగా వచ్చేదని తేలింది. మీ భయంలో 40 శాతం నాన్నది అని దీని అర్థం కాదు. జనాభా మొత్తంలో తేడాలకి ఇది లెక్క, ఒక మనిషికి కాదు. పైగా అంకెని తిప్పి చూడండి, సగానికి పైగా జన్యువుల బయటే ఉంది.

పుట్టుకతో వచ్చే స్వభావమూ ఉంటుంది. హార్వర్డ్ మనస్తత్వవేత్త జెరోమ్ కేగన్ 4 నెలల పాపాయిల ముందు కొత్త బొమ్మలు ఆడించి, కొత్త శబ్దాలు వినిపించి చూశాడు. దాదాపు ఐదుగురిలో ఒకరు కాళ్లూ చేతులూ గట్టిగా కొట్టుకుని ఏడ్చారు. అలాంటి పిల్లలు పెద్దయ్యాక బిడియంగా, ఆందోళనగా ఉండే అవకాశం ఎక్కువని తేలింది. అందరూ అలా అవ్వలేదు, అది గుర్తుంచుకోండి. ఆడవాళ్లలో ఈ రుగ్మతలు మగవాళ్ల కన్నా దాదాపు రెట్టింపు కనిపిస్తాయి. హార్మోన్లతో పాటు వాళ్లు ఎదుర్కొనే వేధింపులు, ఆంక్షలు కూడా ఇందులో పాత్ర ఉన్నవే.

ఆ తర్వాత పెంపకం. అతి గారాబం, అతి కఠినం, రెండూ ఒకే పాఠం నేర్పుతాయి: ‘ఈ లోకం ప్రమాదకరం, నువ్వు ఒక్కడివి తట్టుకోలేవు’. దీనికి మన ఇళ్లలో ‘నలుగురూ ఏమనుకుంటారు’ తోడవుతుంది. ఇంటర్‌లో రెండేళ్లు ప్రతి వారం నోటీసు బోర్డు మీద ర్యాంకులు చూసుకుని పెరిగినవాడికి, గ్రూప్ డిస్కషన్‌లో పదిమంది తనవైపు చూడగానే బోర్డు మీద తన పేరు ఎక్కడుందో వెతుక్కున్నట్టే ఉంటుంది. చిన్నప్పటి హింస, ఇంట్లో తాగుడు, అమ్మానాన్నల్లో ఒకరిని కోల్పోవడం వంటివి ఇంకా లోతైన గాయాలు. అవన్నీ ఒక పేరాలో చెప్పేవి కావు.

ఇప్పుడే ఎందుకు?

వయసు ఒక కారణం. అమెరికాలో జరిగిన పెద్ద సర్వే ఫలితాలు 2005లో వచ్చాయి. జీవితకాలంలో ఎప్పుడో ఒకప్పుడు మానసిక రుగ్మత వచ్చినవారిలో సగం మందికి 14 ఏళ్లకే, మూడొంతుల మందికి 24 ఏళ్లలోపే అది మొదలైంది. అంటే ఈ పేజీ చదివేవారి వయసులోపే. సరిగ్గా ఈ వయసులోనే బ్యాక్‌లాగ్‌లు, ఎడ్యుకేషన్ లోను, ప్రేమ తెగిపోవడం, చేతికొచ్చిన ఆఫర్‌కి జాయినింగ్ డేట్ రాకపోవడం అన్నీ వచ్చి మీదపడతాయి. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే.

ఉద్యోగ వేటలో ఉన్న ప్రత్యేకమైన విషం ‘రిజెక్ట్’ కాదు, ‘తర్వాత చెప్తాం’. కాదంటే ఏడ్చి లేస్తాం. ఏదీ చెప్పకపోతే మెదడు ఖాళీలని తనే నింపుకుంటుంది, అదీ చెడ్డవాటితోనే. అనిశ్చితిని భరించలేకపోవడానికీ ఆగని ఆందోళనకీ గట్టి ముడి ఉందని 1990ల నుంచి కెనడాలో మొదలైన పరిశోధనలు చూపిస్తూ వచ్చాయి. అశోక్‌నగర్ గదుల్లో నోటిఫికేషన్ కోసం ఏళ్లు ఎదురుచూసే వాళ్లకి ఈ వాక్యం వివరించక్కర్లేదు.

శరీరాన్ని మర్చిపోవద్దు. థైరాయిడ్ ఎక్కువగా పనిచేస్తున్నా, రక్తం తక్కువగా ఉన్నా దడ వస్తుంది. అందుకే మంచి డాక్టరు ముందు రక్తపరీక్ష రాస్తారు. కాఫీలో ఉండే కెఫీన్ నిద్రని పిలిచే అడినోసిన్‌కి అడ్డుపడుతుంది. అది సగానికి తగ్గడానికే సుమారు 5 గంటలు పడుతుంది. రాత్రి 9కి ఎనర్జీ డ్రింక్ తాగి చదువుతుంటే, 2 గంటలకి అందులో దాదాపు సగం ఇంకా ఒంట్లోనే ఉంటుంది. నిద్ర తగ్గితే మర్నాడు మెదడులో ప్రమాద ఘంటిక లాంటి అమిగ్డలా ఇంకా తేలిగ్గా మోగుతుంది.

ఫోన్ సంగతి? గ్యాడ్జెట్ల గురించి రాసుకుని బతికేవాడిని కాబట్టి నేను వాటిని వెనకేసుకొస్తానని మీరు అనుకోవచ్చు. ఎక్కువ వాడేవారిలో ఆందోళన ఎక్కువగా కనిపించిందన్న అధ్యయనాలు ఉన్నాయి. ఆందోళన ఉన్నవాళ్లు ఫోన్‌లో తల దాచుకోవడం కూడా ఉంది. ఏది ముందో విడదీయడం కష్టం. ఒకటి మాత్రం చెప్తాను: అర్ధరాత్రి లింక్డ్‌ఇన్‌లో బ్యాచ్‌మేట్ల ‘థ్రిల్డ్ టు అనౌన్స్’ పోస్టులు చదవడం వల్ల ఎవరికీ ఉద్యోగం రాలేదు.

అసలు ముడి: ఇంకా ఎందుకు పోలేదు?

మొదటి రెండు ప్రశ్నలకి జవాబులు చాలావరకు మీ చేతిలో లేవు. జన్యువులు మార్చలేరు, బాల్యం రీస్టార్ట్ కాదు, మార్కెట్ మీ మాట వినదు. మూడో ప్రశ్న దగ్గరే మీకు పట్టు దొరుకుతుంది. విచిత్రంగా, మనం అస్సలు మాట్లాడనిది దీని గురించే.

ఒక ఫైనల్ ఇయర్ కుర్రాడిని ఊహించుకోండి. రాత్రి నిద్ర లేదు, పొద్దున రెండు కాఫీలు, టిఫిన్ లేదు. గ్రూప్ డిస్కషన్ గదిలో కూర్చోగానే గుండె వేగంగా కొట్టుకుంది. అంతవరకు అది కాఫీ, ఆకలి, మామూలు టెన్షన్. అతను మాత్రం ‘ఏదో అయిపోతోంది, పడిపోతానేమో’ అనుకున్నాడు. ఆ ఆలోచనకే ఒంట్లో అడ్రినలిన్ ఇంకా పెరిగింది. దడ రెట్టింపైంది. ‘చూశావా, నిజంగానే అయిపోతోంది’ అనిపించింది. చీకట్లో తాడుని చూసి పామనుకున్నట్టే ఇది. తేడా ఒక్కటే, ఇక్కడ తాడు మన గుండె చప్పుడే. 1986లో డేవిడ్ క్లార్క్ అనే బ్రిటిష్ మనస్తత్వవేత్త ప్యానిక్‌ని ఇలాగే వివరించాడు: శరీరంలో మామూలుగా వచ్చే మార్పుని ముంచుకొచ్చిన ఆపదగా పొరబడటం.

తర్వాత అతను లేచి బయటికొచ్చేశాడు. వరండాలో నిలబడగానే ఊపిరి ఆడింది. హాయిగా అనిపించింది. ఆ హాయి దగ్గరే చిక్కంతా ఉంది. మెదడు ఆ క్షణంలో రెండు సంగతులు రాసుకుంది: ఆ గది ప్రమాదం, పారిపోతే ప్రాణం దక్కుతుంది. గదిలో ఇంకో పావుగంట కూర్చుంటే దడ తనంతట తనే తగ్గేది. అది చూసే అవకాశం మెదడుకి దొరకలేదు. 1947లోనే ఓ.హెచ్. మౌరర్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త దీన్ని రెండు మెట్లుగా చెప్పాడు. భయం ఒక సంఘటనతో ముడిపడి పుడుతుంది, తప్పించుకోవడం దాన్ని బతికిస్తుంది.

వచ్చే వారం ఇంకో డ్రైవ్. ఈసారి గది దాకా కూడా వెళ్లడు. ఆ తర్వాత ఫోన్ ఇంటర్వ్యూ ఎత్తడు. ఆపై తెలియని నంబరు ఏదొచ్చినా ఎత్తడు. మొదట ఒక గది, చివరికి ఊరంతా.

తప్పించుకోవడం అంటే పారిపోవడం ఒక్కటే కాదు. ఇంటర్వ్యూలో కెమెరా ఆఫ్ చేయడానికి నెట్ బాలేదని చెప్పడం, ‘టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్’ని అక్షరం పొల్లుపోకుండా బట్టీ పట్టి అందులో ఒక మాట మారితే కుప్పకూలడం, స్నేహితుడు తోడొస్తేనే వెళ్లడం, పరీక్ష రాసి వచ్చాక ఐదుగురికి వాట్సాప్ చేసి ‘నా ఆన్సర్ కరెక్టేనా’ అని అడగడం, గూగుల్‌లో ‘ఛాతీలో గుచ్చినట్టు’ అని వెతకడం, అన్నీ ఆ కుటుంబంలోవే. ప్రతిదీ పది నిమిషాల ఊరట ఇస్తుంది, భయాన్ని ఇంకో పది రోజులు నిలబెడుతుంది. ఓసీడీలో తాళం మళ్లీ మళ్లీ లాగి చూడటం కూడా ఈ సూత్రం మీదే నడుస్తుంది. ఇక మందు తాగితే ధైర్యం వస్తుందనుకునేవాళ్లకి మర్నాడు పొద్దున దడ వడ్డీతో సహా తిరిగొస్తుంది.

ఇంట్లోవాళ్లు తెలియకుండానే ఈ లూప్‌లో ఒక లైను అవుతారు. ‘వద్దులే నాన్నా, ఈసారికి వెళ్లకు, ఒంట్లో బాలేదని చెప్పు’ అంటుంది అమ్మ. ప్రేమతోనే అంటుంది. ఇంకో ఇంట్లో నాన్న ‘అందరికీ లేని భయం నీకేంట్రా’ అంటాడు. మొదటిది తలుపు మూస్తుంది, రెండోది సిగ్గు నేర్పుతుంది. ‘భయంగానే ఉంటుంది, అయినా వెళ్లిరా, నేను బస్టాండ్ దగ్గర ఉంటా’ అనే ఇల్లు దొరికినవాళ్లు అదృష్టవంతులు. ఈ పేజీని అమ్మానాన్నలకీ చూపించండి, నష్టం లేదు.

ముడి విప్పేదెలా?

కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ సరిగ్గా ఈ మూడో ప్రశ్న మీదే పనిచేస్తుంది. భయపడేదాన్ని చిన్న మెట్టు నుంచి మొదలుపెట్టి ఎదుర్కోవడం, దడ తగ్గేదాకా అక్కడే ఉండటం. ముందు రూమ్‌మేట్ ముందు రెండు నిమిషాలు మాట్లాడటం, తర్వాత జూనియర్ల ముందు, తర్వాత కెమెరా ఆన్ చేసి మాక్ ఇంటర్వ్యూ, తర్వాత మీకు అంతగా అక్కర్లేని కంపెనీ డ్రైవ్. మెట్టు ఎంత చిన్నదైనా పర్లేదు, మధ్యలో దిగిపోకూడదు. సమస్య ముదిరితే దీన్ని సైకాలజిస్టు సాయంతోనే చేయాలి. అవసరమైతే సైకియాట్రిస్టు మందులు రాస్తారు. వాటిలో ఎక్కువగా వాడే ఎస్ఎస్ఆర్ఐలు పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది, మూడు రోజులు వాడి ‘లాభం లేదు’ అనకండి. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే నిద్రమాత్రల జోలికి మాత్రం పోవద్దు. వాటిలో చాలావాటికి అలవాటు పడిపోయే ప్రమాదం ఉంది.

నిమ్హాన్స్ 2015-16లో 12 రాష్ట్రాల్లో చేసిన జాతీయ సర్వేలో పెద్దల్లో 10.6 శాతం మందికి ఆ సమయంలో ఏదో ఒక మానసిక రుగ్మత ఉన్నట్టు తేలింది. వాళ్లలో అత్యధికులకి చికిత్స అందట్లేదు. డబ్బు, దూరం సరే. మన వయసువాళ్లని ఎక్కువగా ఆపేది ఇంకో ప్రశ్న: ‘రేపు కంపెనీకి తెలిస్తే?’ 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మీ చికిత్స వివరాలని గోప్యంగా ఉంచడం మీ హక్కు. చట్టం చెప్పిన కొన్ని ప్రత్యేక సందర్భాల్లో తప్ప, డాక్టరు వాటిని మీ అనుమతి లేకుండా ఇంకొకరికి ఇవ్వకూడదు. అదే చట్టం శారీరక జబ్బులతో సమానంగా మానసిక జబ్బులకీ బీమా వర్తింపజేయాలంటుంది.

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే టెలి-మానస్ నంబరు 14416కి ఫోన్ చేయండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన ఈ సేవ ఉచితం, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు. దీని టెక్నాలజీ వెనుక ఉన్నది ఐఐఐటీ బెంగళూరు. చచ్చిపోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా, రేపటిదాకా ఆగకుండా ఇప్పుడే చేయండి, పక్కన ఉన్నవాళ్లకీ చెప్పండి. నేరుగా డాక్టర్ని కలవాలంటే హైదరాబాద్‌లో ఎర్రగడ్డ, విశాఖలో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉన్నాయి. ఎర్రగడ్డ అనగానే సినిమా జోకులు గుర్తొస్తాయి కదా? అక్కడి ఓపీలో లైన్లో నిలబడేవాళ్లలో మీలాంటి విద్యార్థులూ ఉంటారు.

వెళ్లేముందు ఒక కాగితం మీద నాలుగు సంగతులు రాసుకోండి. ఇది ఎప్పుడు మొదలైంది, ఇంట్లో ఇంకెవరికైనా ఉందా, రోజుకి ఎంత నిద్ర, ఎన్ని కాఫీలు. కింద కొంచెం జాగా వదిలి, గత ఆరు నెలల్లో భయం వల్ల మీరు వెళ్లకుండా ఆగిపోయిన చోట్లన్నీ వరసగా రాయండి. డాక్టరు ఎక్కువసేపు చూసేది ఆ చివరి వరసనే.